ధర అడిగే రోజులు పోయి పుట్టుక అడిగే రోజులు వచ్చాయా? భద్రత, ప్రాంతీయ వాణిజ్యంపై చర్చ

పత్రాల బండి (సనత్‌నగర్) | సోమవారం, రాత్రి 9:10

మిత్రులకు నమస్కారం. సనత్‌నగర్ కంటైనర్ డిపో చుట్టూ ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్న కస్టమ్స్ బ్రోకర్‌ను నేను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో అధికారులతో మా వాదన అంతా సుంకం మీదే నడిచేది; సరుకు ఏ పద్దు కిందికి వస్తుంది, పది శాతం కట్టాలా ముప్పయి శాతం కట్టాలా అన్నదే తగాదా. ఇప్పుడు ఆ వాదన పది నిమిషాల్లో తేలిపోతుంది. మిగిలిన రోజంతా సరుకు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారి వచ్చింది, మధ్యలో ఏ రేవులో కంటైనర్ మార్చారు అన్న ప్రశ్నలకు కాగితాలు వెతకడంతోనే సరిపోతోంది.

గత వారం దుబాయి నుంచి వచ్చిన ఎండు ఖర్జూరం సరుకు ఒకటి నా చేతిలో ఆగి ఉంది. పహల్గాం దాడి తరువాత 2025 మే 2న పాకిస్తాన్‌లో పుట్టిన సరుకును నేరుగా గానీ మూడో దేశం మీదుగా గానీ తేవడాన్ని పూర్తిగా నిషేధించారు. ఆ వెంటనే కేంద్ర రెవిన్యూ నిఘా విభాగం (డీఆర్‌ఐ) వారు ‘డీప్ మానిఫెస్ట్’ పేరుతో తనిఖీలు జరిపి, దుబాయి మీదుగా వేషం మార్చుకుని వచ్చిన 39 కంటైనర్లను, అంటే 1,115 టన్నుల సరుకును పట్టుకున్నారు. అందులో ఎండు ఖర్జూరం కూడా ఉంది. కాబట్టి అధికారులు అనుమానించడంలో తప్పు లేదు. నా కక్షిదారు నిజాయితీపరుడన్న సంగతి నాకు తెలిసినా, దాన్ని రుజువు చేసే భారం మాత్రం అతనిదే.

నా ప్రశ్న ఇది. ఇదంతా ఒక ఘటనకు వచ్చిన తాత్కాలిక స్పందనా, లేక పొరుగు దేశాలతో మార్కెట్లను కలుపుకోవడం అన్న విధానమే మారిపోయిందా?

తార్నాక పంతులమ్మ | సోమవారం, రాత్రి 10:02

తాత్కాలికం కాదని నా అభిప్రాయం. 2019 నుంచి జరిగినవాటిని వరుసగా పెట్టి చూడండి. పుల్వామా దాడి తరువాత ఆ ఫిబ్రవరిలో పాకిస్తాన్‌కు 1996లో ఇచ్చిన అత్యంత అనుకూల దేశ హోదాను మనం వెనక్కి తీసుకుని, అక్కడి సరుకు మీద 200 శాతం సుంకం వేశాము. (ఆ హోదాను పాకిస్తాన్ మనకు ఏనాడూ ఇవ్వలేదన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.) అదే ఏడాది నవంబరులో బ్యాంకాక్‌లో ఆసియా-పసిఫిక్ దేశాల ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందం చర్చల నుంచి బయటికి వచ్చాము. చెప్పిన కారణాలు రైతులు, పాడి, చిన్న పరిశ్రమలే అయినా, చైనా సరుకు వేరే దేశం ముసుగులో వస్తుందన్న భయం ఆ చర్చల పొడవునా ఉంది. 2020 ఏప్రిల్‌లో మూడో ప్రెస్‌నోట్ ద్వారా, మనతో భూసరిహద్దు ఉన్న దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. గల్వాన్ ఘర్షణ ఆ తరువాత జూన్‌లో జరిగింది. అంటే ఘర్షణ ఈ ధోరణిని పుట్టించలేదు, పుట్టినదానికి బలం చేకూర్చింది.

మీరు చెప్పిన పుట్టుక పత్రాల నిబంధన కూడా ఆ ఏడాదిదే. 2020 సెప్టెంబరు 21 నుంచి, వాణిజ్య ఒప్పందం కింద సుంకం రాయితీ కోరే సరుకుకు విదేశీ అధికారి ముద్ర వేసిన ధ్రువపత్రం ఒక్కటే చాలదు, సరుకు ఎలా తయారైందో దిగుమతిదారుకు కూడా తెలిసి ఉండాలి అన్న సూత్రం వచ్చింది.

అయితే ఒక మాట నిక్కచ్చిగా ఒప్పుకోవాలి. దక్షిణాసియాలో పగిలిపోవడానికి పెద్ద మార్కెట్ ఏదీ లేదు. దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా మీద 2004లో ఇస్లామాబాద్‌లో సంతకాలు జరిగి 2006 నుంచి అమలులోకి వచ్చినా, ఈ దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం మొత్తం వాణిజ్యంలో ఐదు శాతం దగ్గరే ఆగిపోయింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో అది పాతిక శాతం దాకా ఉంటుంది. సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 కాఠ్మాండూ తరువాత మళ్లీ జరగనేలేదు. ఢిల్లీ లెక్కల్లో ఈ నష్టం చాలా చిన్నది. పంజాబ్ సరిహద్దులోని అట్టారీలో లారీల మీద, కూలి మీద బతికిన కుటుంబాల లెక్కలో మాత్రం అదే సర్వస్వం.

మేవా దుకాణం (బేగంబజారు) | మంగళవారం, ఉదయం 7:35

పంతులమ్మ గారు అట్టారీ వరకు వెళ్లి ఆగారు; ఆ దారి బేగంబజారు దాకా వస్తుంది. మా అంగట్లో అంజీరు, ఖుబానీ, కిస్‌మిస్ చాలావరకు ఆఫ్ఘనిస్తాన్‌వే. హైదరాబాదులో పెళ్లి విందు ఖుబానీ కా మీఠా లేకుండా ముగియదు గనుక, కాందహార్ తోటకూ మా వీధికీ బంధుత్వం పాతది. పాకిస్తాన్ తన గడ్డ మీదుగా ఆఫ్ఘన్ సరుకును మన వైపు రానిచ్చేది గానీ, మన సరుకును అటు పోనిచ్చేది కాదు. ఆ ఒంటి కాలి దారి కూడా 2025 ఏప్రిల్ చివరలో మూతపడింది. మే నెలలో మన విదేశాంగ మంత్రి కాబూల్‌తో ఫోన్‌లో మాట్లాడిన తరువాత, ఇరుక్కుపోయిన 160 ఆఫ్ఘన్ లారీలను ప్రత్యేకంగా అనుమతించారు. ఆ మధ్యకాలంలో మా వీధిలో అంజీరు ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా పలికింది. సరుకు నిల్వ ఉన్నవాడు గట్టెక్కాడు, నాబోటి వాడు పాత ఖాతాదారుల దగ్గర మాట పోగొట్టుకున్నాడు.

దేశ భద్రతకు అడ్డు చెప్పేవాళ్లం కాము. పాకిస్తాన్ నుంచి వచ్చే సైంధవ లవణం అమ్మడం మానుకోమంటే మానుకున్నాము. నా ఫిర్యాదల్లా ఆకస్మికత మీదే. రేపటి నుంచి బంద్ అంటే, నిన్న డబ్బు కట్టి నేడు దారిలో ఉన్న సరుకు సంగతి ఏమిటి?

సైనిక్‌పురి సుబేదారు | మంగళవారం, ఉదయం 8:20

మేవా దుకాణం వారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ముందుగా నోటీసు ఇచ్చి వేసే ఆంక్ష ఆంక్షే కాదు. ఆ వ్యవధిలో అవతలివాడు గోదాములు నింపుకుంటాడు. వ్యాపారం పెరిగితే యుద్ధాలు తగ్గుతాయన్న పాఠం మేము సర్వీసులో ఉన్నప్పుడు కూడా చాలాసార్లు విన్నాము. నియంత్రణ రేఖ మీదుగా 2008 అక్టోబరులో వస్తుమార్పిడి వ్యాపారం మొదలుపెట్టారు, మంచి ఉద్దేశంతోనే. అదే దారిన ఆయుధాలు, మత్తుమందులు, దొంగనోట్లు వస్తున్నాయని 2019 ఏప్రిల్‌లో ఆపవలసి వచ్చింది. సరిహద్దులో నిలబడని వారికి ఇది కాగితం మీద లెక్కగానే కనిపిస్తుంది.

ఇంకొక ఉదాహరణ కోఠి గుజరాతీ గల్లీలోనే ఉంది. అక్కడ దొరికే సీసీ కెమెరాల్లో ఏ దేశపు చిప్ ఉందో, దృశ్యం ఏ సర్వర్‌కు పోతోందో కొనేవాడికి తెలియదు. 2025 ఏప్రిల్ నుంచి పరీక్ష జరిపి ధ్రువీకరించిన కెమెరాలనే అమ్మాలన్నారు. దుకాణదారులు గొణిగారు. నా కాలనీ గేటు దగ్గర కెమెరా ఎవరి కళ్లతో చూస్తోందో తెలియడం నాకు ధర కన్నా ముఖ్యం.

రియాక్టర్ రావు (జీడిమెట్ల) | మంగళవారం, మధ్యాహ్నం 2:15

కెమెరా అయితే మార్చుకోవచ్చు సుబేదారు గారూ, పెన్సిలిన్‌ను ఎలా మారుస్తారు? ముప్పై ఏళ్లుగా బల్క్ డ్రగ్ (మాత్రలో ఉండే అసలు మందు) తయారీలో ఉన్నవాడిగా, కాస్త వివరంగా రాస్తాను.

హైదరాబాదుకు ఔషధ నగరమన్న పేరు ఊరికే రాలేదు. 1961లో ఏర్పాటైన ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సహకారంతో బాలానగర్‌లో కర్మాగారం పెట్టింది. అక్కడ పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు బయటికి వచ్చి జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం షెడ్లలో సొంత రియాక్టర్లు పెట్టుకున్నారు. తొంభైలలో దిగుమతులు తేలికయ్యాక చైనా ధరలతో పోటీ పడలేక ఫెర్మెంటేషన్ (సూక్ష్మజీవులతో పులియబెట్టే పద్ధతి) మీద ఆధారపడిన మందుల తయారీని ఒక్కొక్కటిగా వదులుకున్నాము. పెన్సిలిన్-జి తయారీ దేశంలో పూర్తిగా ఆగిపోయింది. మేము చైనా నుంచి మూలపదార్థం తెచ్చి, చివరి రెండు మూడు దశలు ఇక్కడ నడిపి, మాత్ర చేసి అమెరికాకు, ఆఫ్రికాకు పంపాము. బల్క్ డ్రగ్ దిగుమతుల్లో సుమారు 70 శాతం ఒక్క దేశం నుంచే వస్తున్నా, లాభాలు బాగున్నన్నాళ్లు ఎవరూ దాన్ని ప్రమాదం అనలేదు. నేనూ అనలేదు.

2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో చైనాలో కర్మాగారాలు మూతపడినప్పుడు గోదాములో డ్రమ్ములు లెక్కపెట్టుకుంటూ గడిపాము. మార్చి 3న మన ప్రభుత్వమే పారాసెటమాల్ సహా 26 మందులు, మూలపదార్థాల ఎగుమతి మీద ఆంక్ష పెట్టింది. అంటే కొద్ది వారాల తేడాలో మాకు అమ్మేవాడి తలుపు మూసుకుంది, మేము అమ్మే తలుపు మనమే మూసుకున్నాము. భద్రత అన్న మాటకు రెండు అంచులున్నాయని నాకు ఆ రోజు అర్థమైంది.

ఆ తరువాత 6,940 కోట్ల రూపాయలతో మూలపదార్థాలకు ప్రోత్సాహక పథకం వచ్చింది, అనకాపల్లి జిల్లా నక్కపల్లి సహా దేశంలో మూడు బల్క్ డ్రగ్ పార్కులు మంజూరయ్యాయి, 2024లో కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ఉత్పత్తి మళ్లీ మొదలైంది. సంతోషించవలసిన విషయమే. కానీ చిక్కు ఎక్కడుందో చెబుతాను. ఇక్కడ తయారీ మొదలుకాగానే చైనా కంపెనీలు ధర తగ్గిస్తాయి. అప్పుడు నాబోటి చిన్న తయారీదారు ఏం చేయాలి? ఎక్కువ పెట్టి స్వదేశీ సరుకు కొంటే టెండరు పోతుంది. చైనా సరుకు కొంటే దేశంలో వెలిగిన పొయ్యి ఆరిపోతుంది. భద్రత దేశానిది, దాని ఖరీదు మాత్రం కొనుగోలు విభాగంలో కూర్చున్న గుమాస్తా మీద పడుతోంది. సుంకం ద్వారానో, కనీస దిగుమతి ధర ద్వారానో, ప్రభుత్వ కొనుగోళ్లలో ప్రాధాన్యం ద్వారానో ఆ ఖరీదును ఎవరు భరిస్తారన్నది ముందే తేల్చకుండా స్వావలంబన గురించి మాట్లాడడం నాకు నచ్చదు.

అమెరికా సంగతి కూడా ఇదే. 1962 నాటి చట్టంలోని 232వ సెక్షన్‌ను, అంటే జాతీయ భద్రత పేరుతో సుంకాలు వేసే అధికారాన్ని, 2018లో ఉక్కు మీద వాడారు. 2025 ఏప్రిల్‌లో మందుల మీద కూడా విచారణ తెరిచారు. జీడిమెట్లలో తయారైన జెనెరిక్ మాత్ర వాళ్ల భద్రతకు ముప్పు ఎలా అవుతుందని మొదట నవ్వాము. తరువాత ఆలోచిస్తే, చైనా పెన్సిలిన్ గురించి మనం అనుకున్నదే వాళ్లు మన గురించి అనుకుంటున్నారు.

న్యాయ విద్యార్థిని (శామీర్‌పేట) | మంగళవారం, సాయంత్రం 5:40

రావు గారు చెప్పిన దానికి చట్టం వైపు నుంచి ఒక చేర్పు. ప్రపంచ వాణిజ్య నియమాలకు మూలమైన గాట్ ఒప్పందం 21వ అధికరణ ప్రకారం, తన మౌలిక భద్రతా ప్రయోజనాల కోసం అవసరమని ఒక దేశం భావించే చర్యలను ఆ ఒప్పందం అడ్డుకోదు. ‘భావించే’ అన్న ఒక్క పదం మీదే డెబ్బయి ఏళ్లకు పైగా వాదన నడిచింది. దేశం భావిస్తే చాలా, లేక మూడో వ్యక్తి పరిశీలించవచ్చా? యుక్రెయిన్ సరుకు తన భూభాగం మీదుగా పోకుండా రష్యా అడ్డుకున్న కేసులో 2019 ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ పానెల్ తొలిసారిగా జవాబు చెప్పింది. పరిశీలించే అధికారం తమకుందని చెబుతూనే, అంతర్జాతీయ సంబంధాల్లో అత్యవసర పరిస్థితి నిజంగానే ఉందని రష్యా చర్యను సమర్థించింది. 2022 డిసెంబరులో అమెరికా ఉక్కు సుంకాల కేసులో అలాంటి అత్యవసరం లేదని తేల్చింది. అమెరికా అప్పీలు చేసింది. అప్పీలు వినవలసిన బెంచిలో 2019 డిసెంబరు నుంచి సభ్యులే చాలినంత మంది లేరు గనుక ఆ తీర్పు గాలిలో వేలాడుతోంది. న్యాయమూర్తి లేని కోర్టులో దావా వేసి వాయిదాల కోసం ఎదురుచూడడం వంటిది ఇది.

గ్రిడ్ తాత (సైదాబాదు) | మంగళవారం, రాత్రి 8:50

విద్యుత్ శాఖలో రిటైరైన ఇంజనీరును. అందరూ సరుకుల గురించి రాస్తున్నారు. ఈ విధానం అతి స్పష్టంగా కనిపించే చోటు కరెంటు తీగ.

నేపాల్ 2021 నవంబరు నుంచి మన విద్యుత్ ఎక్స్ఛేంజిలో కరెంటు అమ్ముతోంది. మొదట అనుమతి దొరికింది 39 మెగావాట్లకే, అదీ మన దేశ సహాయంతో కట్టిన త్రిశూలి, దేవీఘాట్ కేంద్రాల నుంచి. 2024 జనవరిలో పదేళ్లలో 10,000 మెగావాట్లు కొంటామని ఒప్పందం కుదిరింది. అదే ఏడాది నవంబరులో నేపాల్ కరెంటు 40 మెగావాట్లు మన తీగల మీదుగా బంగ్లాదేశ్ చేరింది. మూడు దేశాలు ఒక గ్రిడ్ మీద! మా తరం వారు దీన్ని కల అనుకునేవారు.

కానీ 2021 నాటి విధివిధానాల ప్రకారం, మనతో భూసరిహద్దు ఉండి విద్యుత్ ఒప్పందం లేని దేశపు పెట్టుబడి ఉన్న కేంద్రం నుంచి వచ్చే కరెంటును కొనరు. పేరు రాయకపోయినా అది చైనా గురించేనని అందరికీ తెలుసు. అందుకని నేపాల్ వారు కేంద్రం కట్టడానికి ముందే కాంట్రాక్టరు ఎవరన్నది ఆలోచించుకుంటున్నారు. ఎలక్ట్రాను మీద ఊరి పేరు రాసి ఉండదు; ఢల్కేబర్ నుంచి ముజఫర్‌పూర్ తీగలోకి ఎక్కాక ఏది ఏ నదిదో బ్రహ్మకైనా తెలియదు. అయినా లెక్క పుస్తకంలో ప్రతి యూనిట్‌కూ వంశవృక్షం రాస్తున్నాము. నాకు ఇది తప్పుగా తోచడం లేదు. గ్రిడ్ మీద చేయి వేసినవాడు దేశాన్ని చీకట్లో పెట్టగలడు. కాకపోతే, మార్కెట్ కలవడం, షరతు పెట్టడం రెండూ ఒకే ఏడాది మొదలయ్యాయన్నది గమనించండి. కలపడం ఆగలేదు, ఎవరితో కలపాలన్న ఎంపిక మొదలైంది.

తార్నాక పంతులమ్మ | మంగళవారం, రాత్రి 10:30

గ్రిడ్ తాత గారి చివరి వాక్యంతో నా మొదటి పోస్టును కొంత సవరించుకుంటున్నాను. నేను భద్రతను మార్కెట్లను విడదీసే శక్తిగానే చూశాను. ఐరోపాలో 2022 జూన్‌లో అది కలిపే శక్తిగా పనిచేసింది. యుద్ధంలో ఉన్న యుక్రెయిన్‌ను నిలబెట్టడానికి దాని ధాన్యం మీద సుంకాలన్నీ ఎత్తివేశారు. ఏడాది తిరగకుండానే చౌక ధాన్యం ముంచెత్తి, పోలండ్, హంగరీ, స్లొవేకియాలు ఉమ్మడి మార్కెట్ నియమాలను పక్కనబెట్టి ఎవరికి వారే దిగుమతులు ఆపేశాయి. ఆఫ్రికాలో ఇంకా విచిత్రం. ఖండమంతటికీ ఒకే స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం ఒప్పందంపై 2019 జూలైలో సంతకం పెట్టిన నైజీరియా, ఆగస్టులోనే బియ్యం దొంగరవాణా, ఆయుధాల పేరు చెప్పి తన భూసరిహద్దులు మూసి, 2020 డిసెంబరు దాకా తెరవలేదు.

మన పక్కన బంగ్లాదేశ్‌తో జరిగింది భద్రతా, అలకా, ప్రతీకారమా అన్నది విడదీసి చెప్పడం కష్టం. వాళ్ల సరుకు మన దేశం మీదుగా మూడో దేశాలకు పోవడానికి 2020లో ఇచ్చిన ట్రాన్స్‌షిప్‌మెంట్ సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 8న వెనక్కి తీసుకుంటూ ప్రభుత్వం చెప్పిన కారణం మన విమానాశ్రయాల్లో, రేవుల్లో రద్దీ. అంతకు కొద్ది రోజుల ముందే ఢాకా పాలకులు బీజింగ్‌లో మన ఈశాన్య రాష్ట్రాల గురించి మాట్లాడారు. ఆ తరువాత వాళ్లు మన నూలును భూమార్గంలో రానివ్వలేదు. మే 17 నుంచి మనం వాళ్ల రెడీమేడ్ దుస్తులను న్హావా షేవా, కోల్‌కతా రేవుల ద్వారానే రమ్మన్నాము. ఈ ఉత్తర్వుల్లో భద్రత అన్న పదం వెతికినా పెద్దగా దొరకదు. అదే నన్ను కలవరపెడుతోంది, సుబేదారు గారూ. భద్రత కోసం తెరిచిన పెట్టెలోంచి ఇతర పనిముట్లు కూడా బయటికి వస్తున్నాయి.

సైనిక్‌పురి సుబేదారు | మంగళవారం, రాత్రి 10:48

బంగ్లాదేశ్ విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. మిగతా సగానికి, ఈశాన్యాన్ని మిగతా దేశంతో కలిపే సన్నని నేల సిలిగురి దగ్గర ఎలా ఉందో పటం తెరిచి చూడండి.

మిల్లు మనిషి (మిర్యాలగూడ, ప్రస్తుతం ఎల్బీనగర్) | బుధవారం, ఉదయం 6:50

మన మీదికే తిప్పి చూడవలసిన సంగతి ఒకటి ఎవరూ ఎత్తలేదు. 2023 జూలై 20న బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని రాత్రికి రాత్రి నిషేధించారు. ఎల్‌నినో భయం, దేశంలో ధరలు కారణం. ఆహార భద్రత అన్నారు. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి సోనామసూరి కోసం దుకాణం ముందు వరుసలో నిలబడి, మనిషికి ఒక్క బస్తాయే ఇస్తున్నారని ఫోన్ చేసింది. ఇక్కడ నా మిల్లులో బస్తాలు, అక్కడ నా బిడ్డ క్యూలో. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు నలభై శాతం మనవే కాబట్టి, మనం తలుపేస్తే సెనెగల్ నుంచి ఫిలిప్పీన్స్ దాకా ధర పెరుగుతుంది. 2024 సెప్టెంబరులో నిషేధం తీశారు. 2025 మార్చి చివరలో తెలంగాణ ప్రభుత్వమే కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు బియ్యం పంపింది. మంచిదే. అయితే కొనేవాళ్లు ఇప్పుడు మొదట అడిగేది ధర గురించి కాదు, మళ్లీ ఆపరు కదా అని అడుగుతున్నారు. రావు గారు చైనా వాడిని అడగాలనుకునే ప్రశ్న కూడా అదే అనుకుంటాను.

రియాక్టర్ రావు (జీడిమెట్ల) | బుధవారం, ఉదయం 9:05

సరిగ్గా అదే. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన మూలకాల మీద ఎగుమతి అనుమతులు పెట్టాక, వాటితో చేసే అయస్కాంతాలు రాక విద్యుత్ వాహనాల తయారీదారులు పడిన పాట్లు చూస్తే, రేపు మా వంతేమోనన్న దిగులు పట్టుకుంది. మా కర్మాగారంలో ఒక మధ్యంతర పదార్థానికి ఆరు నెలల నిల్వ పెట్టుకోవడం మొదలుపెట్టాము. ఆ నిల్వ మీద బ్యాంకు వడ్డీ కడుతున్నాను. దానికి ఏ పథకమూ లేదు.

మేవా దుకాణం (బేగంబజారు) | బుధవారం, ఉదయం 10:40

పత్రాల బండి గారూ, మీ ఖర్జూరం సంగతి తేలిందా? మా నాన్నగారి కాలంలో ఒక గుమాస్తా ఉండేవాడు. గింజ పగలగొట్టి, తొక్క వేళ్ల మధ్య నలిపి, ఇది సింధ్‌లోని ఖైర్‌పూర్‌ది, ఇది బస్రాది అని చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు.

పత్రాల బండి (సనత్‌నగర్) | బుధవారం, రాత్రి 9:25

ఆయన మాట కస్టమ్స్ వారు రికార్డు చేసుకోరు కదా, అదే మన దురదృష్టం. సుంకం రాయితీ కోరిన సరుకు పుట్టుక వివరాలు అడిగితే పది పనిదినాల్లో ఇవ్వాలి, ఐదేళ్లు దాచాలి అన్నది నియమం. నేడు ఎనిమిదో రోజు. తోట నుంచి ప్యాకింగ్ షెడ్డు దాకా కొనుగోలు బిల్లులు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం దొరికాయి. షెడ్డు నుంచి రేవుకు తెచ్చిన లారీ రసీదు ఒక్కటి మిగిలింది. దుబాయిలో ఎగుమతిదారు రేపు మధ్యాహ్నానికి పంపుతానన్నాడు. సరుకు ఆగినందుకు కట్టే డెమరేజీ మాత్రం రోజుకు రోజు ఎక్కుతోంది, నా కక్షిదారు రాత్రి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. రావు గారూ, మీ మధ్యంతర పదార్థం ఆసియాన్ రాయితీ కింద వస్తుంటే ఒక సలహా: అక్కడ 35 శాతం విలువ చేర్చిన లెక్క మీ దగ్గర ఇప్పుడే రాతపూర్వకంగా తెప్పించుకోండి. సరుకు రేవులో దిగాక అడిగితే ఏ తయారీదారూ తన ఖర్చుల చిట్టా విప్పి చూపడు.